మా ఊరి అమ్మాయి కమలా ఖాన్‌తో మొదటి ఆట

నమస్కారం! జెర్సీ సిటీలో ఉదయం నుంచి మంచు పడుతూనే ఉంది. ఇండియా స్క్వేర్‌కు వెళ్లి కూరగాయలు, కరివేపాకు తెచ్చుకుని తలుపు వేసేశాం. కాబట్టి ఈ రోజు వీడియో అంతా మా భోజనాల బల్ల దగ్గరే.

బల్ల మీద ఉన్నది మార్వెల్ ఛాంపియన్స్ కార్డుల ఆట. 2019లో ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ తెచ్చింది. ఒకరి నుంచి నలుగురి దాకా ఆడవచ్చు. ఇందులో మనలో మనకు పోటీ ఉండదు, అందరం ఒకే జట్టు. ప్రతినాయకుడిని నడిపేది అతని కార్డుల కట్టే. మా ఇంట్లో ఈ ఆట నిలిచిపోయింది అందుకే. అమ్మాయి గెలిస్తే నేనూ గెలిచినట్టే.

కొత్తగా కొన్నది మిస్ మార్వెల్, అంటే కమలా ఖాన్ అనే వీరవనిత పెట్టె. 40 కార్డుల కట్ట సిద్ధంగా అమర్చి ఇస్తారు, విప్పి కలుపుకుని ఆడటమే. పదేళ్ల మా అమ్మాయి మొదటి కార్డు తీసి చదివి, "అమ్మా, కమలా! నానమ్మ పేరు!" అని ఎగిరింది. 2013లో కామిక్స్‌లోకి వచ్చిన ఈ పాకిస్తానీ అమెరికన్ పిల్లది మా జెర్సీ సిటీయే. అన్నయ్య ఆమిర్‌కూ ఒక కార్డు ఉంది, స్నేహితులు బ్రూనోకు, నకియాకు తలా ఒకటి. మనలాంటి ఇల్లు, అన్నయ్య, అమ్మానాన్నలు ఉన్న వీరవనిత మా పాప చేతిలో ఉంటే నాకెంత సంతోషమో మాటల్లో చెప్పలేను.

ఆ సంతోషం పాపకు ఒక్క నిమిషమే. బలం అంకెలు చూసి ముఖం చిన్నబోయింది. దాడి ఒకటి, ప్రతినాయకుడి కుట్రను ఆపడం ఒకటి, రక్షణ ఒకటి! మా వారు వెంటనే ఆట అసలు పెద్దపెట్టెలోంచి ఎర్రరంగు దాడి కార్డులు తీసి, "కొన్ని మార్చుదాం" అన్నారు. పాప ఒప్పుకోలేదు. "ముందు ఉన్నది ఉన్నట్టు ఆడదాం నాన్నా." నా అభిప్రాయమూ అదే. ఒక్కసారైనా ఆడకుండా ఏ కార్డు పనికిరాదో మనకెలా తెలుస్తుంది?

ఇప్పుడు దగ్గరగా చూపిస్తాను, చూడండి. కార్డు వేయాలంటే దాని ధరకు సరిపడా చేతిలోని మిగతా ముక్కలు పడేయాలి. రమ్మీలో పనికిరాని ముక్కను పడేస్తాం, ఇక్కడ మంచి ముక్కను కూడా వదులుకోవాల్సి వస్తుంది. అయితే మిస్ మార్వెల్‌కు ఒక ప్రత్యేక శక్తి ఉంది. దాడికో, కుట్రను ఆపడానికో, రక్షణకో ఒక ఈవెంట్ కార్డు (ఒకసారి వాడి పడేసేది) వాడిన తర్వాత, ఆమె కార్డును అడ్డంగా తిప్పితే ఆ ఈవెంట్ మళ్లీ చేతిలోకి వస్తుంది. అడ్డంగా తిప్పాక మామూలు దాడి చేయలేం. కానీ ఆ దాడి విలువ ఒకటే కదా, పోయేది చాలా తక్కువ! ఆ చిన్న అంకెల వెనుక లెక్క అప్పుడు అర్థమైంది. ఒక్క జాగ్రత్త. వెనక్కి వచ్చిన కార్డు చేతిలో చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి కొత్త కార్డులు అన్ని తక్కువ వస్తాయి.

నేను స్పైడర్‌మ్యాన్. ప్రత్యర్థి రైనో. ఇద్దరం ఆడుతున్నాం కాబట్టి మొదటి దశలో అతని ప్రాణం 28, రెండో దశలో 30. మొదటి దశ తేలికగానే దాటాం. రెండో దశలో అతని అనుచరుడు షాకర్ వచ్చి ఇద్దరికీ దెబ్బ వేశాడు. పాపకు మూడు ప్రాణాలే మిగిలాయి. కార్డును వెనక వైపుకు తిప్పి మామూలు అమ్మాయి కమలగా మారితే కోలుకోవచ్చు, రైనో ఆమె జోలికి రాడు. కానీ దాడికి బదులు కుట్రను ముందుకు జరుపుతాడు. పాప చాలాసేపు ఆలోచించి, కమలగా మారి ఇంటికి వెళ్లింది. సరైన నిర్ణయం. వెళ్లకపోతే తర్వాతి దెబ్బకు ఆట నుంచి తప్పుకునేది.

చివరికి కుట్ర 12కు చేరింది. 14 అయితే ఓడిపోతాం. రైనో వంతు మొదలవగానే దానంతటదే రెండు పెరుగుతుంది. అంటే మాకు మిగిలింది ఇదొక్క వంతే. రైనోకు ఏడు ప్రాణాలు ఉన్నాయి. నా చేతిలో ఎనిమిది దెబ్బల తన్ను ఉంది. కానీ అతని ఒంటి మీద కవచం! ఎంత కొట్టినా దెబ్బలన్నీ దానికే పడతాయి, ఐదు పడితే గాని ఊడదు. అప్పటికి పడినవి మూడు.

"అమ్మా, నువ్వు ఆగు. ముందు నేను." పాప పెద్ద చేతుల కార్డు వేసింది, శరీరాన్ని పెంచే ఎంబిగ్గన్ కార్డును దానికి జోడించింది. కవచం ఊడింది. నేను మూడు ముక్కలు పడేసి తన్నాను. రైనో పడిపోయాడు! మా అరుపులకు వంటింట్లోంచి మా వారు గరిటెతో సహా పరుగెత్తుకొచ్చారు.

"ఇప్పుడు మార్చుదామా?" అని ఆయన అడిగారు. పాప 40 కార్డులూ లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు వేసి, పెట్టెలో పెట్టింది. "వచ్చే శనివారం ఇంకో విలన్ క్లాతో నాన్నా. కట్ట ఇదే."