ఇంట్లోవాళ్లకు ముందే తెలుస్తుంది

శ్రోతలందరికీ నమస్కారం.

టెన్షన్ అనగానే తలనొప్పి, బీపీ, గుండెదడ గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు వాటి జోలికి పోను. టెన్షన్ మన ప్రవర్తనను ఎలా మారుస్తుందో, అంతవరకే చెప్తాను. ఒళ్లు నొప్పిగా ఉంటే మనకు తెలుస్తుంది. ప్రవర్తన మారితే మనకు తెలియదు. ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

ఆదోనిలో పత్తి మండీ గుమస్తా ఒకాయన సంగతి చెప్తాను, పేరు వద్దు. అక్టోబరు వచ్చిందంటే అక్కడి మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు బారులు తీరుతాయి. తూకాలు, చీటీలు, రైతులకు డబ్బులు సర్దడం, అన్నీ ఈయన నెత్తి మీదే. పత్తి తడిగా ఉంటే రేటు కోస్తారు. తేమ 12 శాతం దాటితే సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్లు తీసుకోనే తీసుకోరు. రేటు కోసేది వ్యాపారి, రైతు అరిచేది గుమస్తా మీద. పగలంతా ఇటు సేటుకూ అటు రైతుకూ ఒక్క మాట ఎదురు చెప్పలేడు.

మరి ఆ మాటలన్నీ ఎక్కడికి పోతాయి? ఇంటికే పోతాయి.

ఆయన భార్య నాతో అన్న మాటలివి: "మేడం, మా ఆయన తాగడు, పేకాట ఆడడు, మంచోడే. కానీ ఈ సీజన్లో బండి స్టాండేసిన చప్పుడు వినబడితే చాలు, పిల్లలు టీవీ కట్టేసి పుస్తకాలు ముందేసుకుంటున్నారు. రొట్టె, ఊరిబిండి పెడితే ఫోన్ చూస్తూ రెండు నిమిషాల్లో మింగేసి లేస్తాడు. పండుకున్నాక కూడా పత్తి రేట్లు చూసుకుంటూనే ఉంటాడు. ఆదివారం స్నేహితులు పిలిస్తే, లేనని చెప్పమంటాడు."

ఆయన్ని అడిగితే ఏమన్నాడు? "నాకేం టెన్షన్ మేడం? పని ఎక్కువైంది, అంతే."

అప్పుడు ఏడో తరగతి చదువుతున్న వాళ్ల అమ్మాయి మెల్లగా అంది: "నాన్న నన్ను పేరుతో పిలవడం మానేసినాడు. ఏయ్ అంటున్నాడు."

ఆయన మళ్లీ మాట్లాడలేదు.

అరవడం, గబగబా తినడం లేదా అసలు తినకపోవడం, నలుగురికీ దూరంగా ఉండటం, ఫోన్ వదలకపోవడం, గోళ్లు కొరకడం, పనులు వాయిదా వేయడం, బీడీలు, మందు ఎక్కువవడం, ఇవన్నీ టెన్షన్ గుర్తులే. అందరిలోనూ అన్నీ ఉండవు. కొందరు అరుస్తారు, కొందరు మాటే మానేస్తారు. మాట మానేసినవాళ్లను చూసి మనం "నెమ్మదస్తుడు" అని మెచ్చుకుంటాం! నాకైతే అరిచేవాళ్లకంటే వాళ్ల గురించే ఎక్కువ దిగులు.

ఇందులో చెడ్డతనం ఏమీ లేదు. ప్రమాదం ఎదురైతే పోట్లాడటానికో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు హార్మోన్లు వదులుతాయి, గుండె వేగం పెరుగుతుంది. మండీలో పోట్లాడనూ లేడు, పారిపోనూ లేడు. ఆ వేడి అలాగే ఇంటిదాకా వస్తుంది.

ఆయన ఏం చేశాడో చెప్తాను. సాయంత్రం ఐదు తర్వాత టీ మానేశాడు. రాత్రి ఏడుకు తాగిన టీలోని కెఫీన్ అర్ధరాత్రికి దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది మరి, నిద్ర ఎలా పడుతుంది? ఫోన్ ఛార్జర్‌ను పడకగదిలోంచి తీసేసి హాల్లో పెట్టాడు. బండి దిగగానే లోపలికి పోకుండా, వాకిట్లో కొళాయి దగ్గర ముఖం కడుక్కుని, కాసేపు నిలబడి ఊపిరి నిదానంగా వదలడం మొదలుపెట్టాడు. ఊపిరి పీల్చినప్పటికంటే వదిలేటప్పుడు ఎక్కువసేపు తీసుకోవాలి, అప్పుడే గుండె వేగం తగ్గుతుంది. సేటు మారలేదు, సీజన్ తగ్గలేదు. డబ్బులు ఆలస్యమైన రోజు ఇప్పటికీ చిరాకుగానే ఉంటాడట. కానీ టీవీ కట్టేయడం ఆగింది.

మీకు నేను చెప్పేది ఒక్కటే పని. ఈ రాత్రి అన్నాలయ్యాక ఇంట్లో ఒకరిని అడగండి: "ఈమధ్య నాలో ఏం మారింది?" అడిగి ఊరుకోండి. వాదించొద్దు, "అట్లా కాదు" అనొద్దు. వీలైతే పిల్లలను అడగండి. పిల్లలు మొహమాటపడరు.

ఆ మార్పులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్ర పూర్తిగా పోతే, సాయం తీసుకోండి. "పిచ్చాసుపత్రికా?" అనే బెదురు వద్దు. మన పక్కనున్న బళ్ళారి జిల్లాలో 1980ల్లోనే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు మామూలు పల్లె ఆస్పత్రుల్లో మానసిక వైద్యం అందించి చూపించారు. ఆ నమూనాతోనే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మామూలు ఓపీ చీటీతో వెళ్లొచ్చు.

అంతదూరం పోలేనివాళ్లకు ఫోన్ ఉంది. మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం, పేరు టెలిమానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. డబ్బులు అక్కర్లేదు, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరి నోటైనా చావు మాట వస్తే రెండు వారాలు ఆగొద్దు, వాళ్లను ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఫోన్ చేయండి. రాసుకోండి: 14416. ఇంకోసారి, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

నమస్కారం.