ఇడ్లీ వాచీ, దోసె వాచీ: డైవ్ వాచీ కొనేముందు మందం చూడండి

నమస్తే అండి. "నా మణికట్టు సన్నం, 40 మిల్లీమీటర్ల లోపు డైవ్ వాచీ ఏదైనా చెప్పండి" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. డైవ్ వాచీ అంటే నీళ్లలో లోతుకి దిగేవాళ్ల కోసం చేసిన వాచీ. అందరూ అడ్డం కొలతే అడుగుతారు. మందం ఎంత అని ఒక్కరూ అడగరు!

ఇడ్లీ, దోసె పక్కపక్కన పెట్టుకోండి. దోసె ప్లేటు దాటి పోతుంది. అయినా చొక్కా కఫ్ కిందికి ఏది దూరుతుంది? దోసే కదా. ఇడ్లీ చిన్నదే, కానీ దూరదు.

నేనూ ఒకసారి 39 అని చూసి ఆర్డర్ పెట్టాను. మందం 14.5. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకున్నప్పుడల్లా కఫ్ వెళ్లి బెజెల్, అంటే అద్దం చుట్టూ తిరిగే రింగు, దాని పళ్లకి పట్టుకునేది. నెల తిరిగేసరికి కఫ్ అంచున దారాలు లేచిపోయాయి.

[వాచీ వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి చూపించాలి]

రెండో కొలత ఇది. స్ట్రాప్ తగిలించే కొమ్ములున్నాయి చూశారా, వీటిని లగ్స్ అంటారు. పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా కొలవాలి. సీకో ఎస్‌కేఎక్స్007 అడ్డం 42.5. టూడర్ బ్లాక్ బే 54 అడ్డం 37. కానీ కొమ్ముల కొలత రెండింటికీ 46 దగ్గరే! మణికట్టు మీద చదునుగా ఉన్న భాగం 50 ఉందనుకోండి, రెండూ పడతాయి. తేడా అంతా మందంలో: సీకో 13 పైన, టూడర్ 11.2.

37 అంటే ఆడవాళ్ల సైజు అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బ్లాక్ బేకి మూలం 1954 నాటి టూడర్ సబ్‌మెరైనర్. అదీ 37 మిల్లీమీటర్లే. ఫ్రెంచ్ నేవీ డైవర్లు టూడర్ సబ్‌మెరైనర్లు పెట్టుకుని కూడా నీళ్లలోకి దిగారు.

అలాగని ఇడ్లీని తీసిపారేయకండి. ఇడ్లీకి నడుము లావు, అంచు పల్చన. మంచి డైవ్ వాచీ కూడా అంతే. అద్దం పైకి ఉబ్బుతుంది, వెనక మూత కిందికి ఉబ్బి చర్మంలోకి సర్దుకుంటుంది. పక్క నుంచి కంటికి కనపడేది మధ్యలోని ఉక్కు అంచే. అది సన్నగా ఉంటే 12 కూడా నాజూగ్గా ఉంటుంది. మైసూర్‌పాక్ ముక్కలా నిటారుగా ఉంటే అదే 12 దిమ్మలా కనిపిస్తుంది.

మరి ఈ మందం ఎక్కడిది? పిండి ఎంత పోస్తే ఇడ్లీ అంత. లోపల సీకో ఎన్‌హెచ్35 మెషిన్ ఉంటే అదొక్కటే 5.3 మిల్లీమీటర్లు. మియోటా 9015 అయితే 3.9. అందుకే ధరకంటే ముందు మెషిన్ పేరు చూడండి. మిగతా మందం నీటి ఒత్తిడి తట్టుకునే అద్దానిది, మూతది. 600 మీటర్లు అని రాసుందని మురిసిపోవద్దు. సరదాగా స్కూబా చేసేవాళ్ల హద్దే 40 మీటర్లు. 200 ఉంటే బోలెడు.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. కీ మర తిప్పి బిగించేదై ఉండాలి. బెజెల్ ఒకవైపే తిరగాలి. స్ట్రాప్ వెడల్పు 20 అయితే దొరకడం తేలిక. నాటో స్ట్రాప్ అనే నైలాన్ పట్టీ వాచీ కింద నుంచి రెండు పొరలుగా వెళ్తుంది, కష్టపడి వెతికిన సన్నదనం అక్కడే పోతుంది. కావాలంటే ఒకే పొర ఉన్నది తీసుకోండి.