చివరి అంకెను నమ్మే ముందు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పాలి. కానీ నాకిచ్చింది పావుగంట, అందులో సగం నా పరిచయానికే పోయింది. కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

"పారిశ్రామిక తూకాల్లో సెన్సర్ల పోలిక" అని కార్యక్రమ పత్రంలో వేశారు. పోలిక చెప్తాను. కాకపోతే నా గొడవ ఇంకొకటుంది, అదీ వినాలి.

లోడ్ సెల్, అంటే బరువును కొలిచే సెన్సర్, మీలో చాలామందికి తెలిసిందే. ఒక లోహపు దిమ్మ, దానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లు, అంటే సాగుదలను పట్టుకునే సన్నటి తీగలు. 1938లో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఎవరికి వారే కనిపెట్టిన గేజ్ ఇది. బరువు పడితే దిమ్మ కంటికి ఆననంతగా వంగుతుంది, గేజ్ రెసిస్టెన్స్ మారుతుంది, వీట్‌స్టన్ బ్రిడ్జి దాన్ని వోల్టేజిగా చూపిస్తుంది. ఎంత వోల్టేజి? మామూలు సెల్‌కి 10 వోల్టులు ఇస్తే, పూర్తి లోడు మీద వచ్చేది 20 మిల్లీవోల్టులు. దాన్ని 3,000 భాగాలు చేస్తే ఒక్కో భాగం 7 మైక్రోవోల్టులు కూడా ఉండదు. ఆ సన్నటి సిగ్నల్ వైరును మోటారు డ్రైవ్ కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో వేసి, "అంకె నిలవడం లేదండీ" అని నాకు ఫోన్ చేస్తారు! నవ్వకండి, నవ్వుతున్నవాళ్ళలోనే ఇద్దరు చేశారు.

రెండోది, విద్యుదయస్కాంత పద్ధతి. ఇందులో దిమ్మ వంగడంతో పని లేదు. పళ్ళెం దిగబోతుంటే, అయస్కాంతం మధ్యలో ఉన్న కాయిల్‌కి కరెంటు పెంచి మళ్ళీ మొదటి చోటే నిలబెడతారు. అందుకు పట్టిన కరెంటే బరువు. లక్షల భాగాల్లో చదవొచ్చు, లోడు ఎంతసేపు ఉంచినా అంకె మెల్లగా జారిపోయే గోల చాలా తక్కువ. బ్రయాన్ కిబుల్ 1975లో ప్రతిపాదించిన త్రాసుదీ ఇదే దారి. ఆ త్రాసులాంటి వాటి పుణ్యమా అని 2019 మే 20 నుంచి కిలోగ్రాముకు ప్లాటినం-ఇరీడియం దిమ్మ అక్కర్లేకుండా పోయింది, ఎప్పటికీ మారని ప్రకృతి సంఖ్య అయిన ప్లాంక్ స్థిరాంకమే ఆధారమైంది. దీని గురించి మాట్లాడమంటే గంటసేపు మాట్లాడతాను... సరే, సరే, గడియారం చూపిస్తున్నారు.

దెబ్బ తగిలినా, దుమ్ము పట్టినా ఈ రకం తట్టుకోదు. టన్నుల బరువుకి, కుదుపులున్న చోటికి స్ట్రెయిన్ గేజే. కంపించే ఫోర్కు ఫ్రీక్వెన్సీని బట్టి తూచే మూడో రకం ఈ రెంటికీ మధ్యన నిలుస్తుంది. పోలిక అయిపోయింది. ఇక నా గొడవ.

ఒక ఫ్యాక్టరీ, పేరొద్దు. మూడు లోడ్ సెల్స్ మీద నిలబడ్డ మిక్సింగ్ ట్యాంకు. బ్యాచ్‌లు తేడా వస్తున్నాయి. సెన్సర్లు పాతబడ్డాయన్నారు, సీ3 రకం తీసేసి, అంతకన్నా కచ్చితత్వం ఎక్కువున్న సీ6 పెట్టారు. ఇండికేటర్ కూడా మార్చారు. ఇంతకుముందు కిలో చొప్పున మారే అంకె ఇప్పుడు 200 గ్రాముల చొప్పున మారుతోంది. తప్పు మాత్రం అలాగే ఉంది, ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తోందంతే! అప్పుడు ఆపరేటర్‌కి మెమో ఇచ్చారు, రీడింగు సరిగా రాయడం లేదని.

నేను వెళ్ళి 500 కిలోల తూనిక రాళ్ళు పెట్టించాను. 496 చూపించింది. ట్యాంకు కింద కొత్తగా వేసిన పైపును గోడకి క్లాంపుతో బిగించేశారు. పూర్తి లోడు పడ్డా సెల్ దిగేది మిల్లీమీటరులో చిన్న ముక్క. ఆ కాస్త దిగనివ్వకుండా పైపే కొంత బరువు మోస్తోంది. క్లాంపు వదులు చేశాం, 500కి వచ్చింది. మెమో మాత్రం ఆ ఆపరేటర్ ఫైల్లోంచి పోలేదు. వెనక్కి తీసుకోమని నేనే ఉత్తరం రాశాను. జవాబు లేదు.

పర్చేజ్ వాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. డిస్‌ప్లేలో ఎన్ని దశాంశాలని అడగడం మానండి. ఒకే బరువును పదిసార్లు పెడితే అంకెలు ఎంత చెదురుతాయో అడగండి. మిల్లీగ్రాము చూపే త్రాసుకి ఆ ప్రామాణిక విచలనం 2 మిల్లీగ్రాములుంటే, అమెరికా ఔషధ ప్రమాణమైన యూఎస్‌పీ లెక్కలో దాని మీద తూచదగిన కనీస బరువు 4 గ్రాములు. అర గ్రాము తూచి మూడు దశాంశాలు రాసుకుంటే ఆ రాత ఎవరికోసం?

ఇంకొకటి. ఈ మూడు రకాలూ కొలిచేది బలాన్నే. భూమధ్యరేఖ దగ్గర సరిచేసిన తూకాన్ని ధ్రువానికి తీసుకెళ్తే 10 కిలోలకు సుమారు 50 గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. అందుకే చోటు మారిస్తే మళ్ళీ క్యాలిబ్రేషన్ చేయాల్సిందే, సర్టిఫికెట్ నిన్ననే వచ్చినా సరే.

రేపు డ్యూటీకి వెళ్ళగానే ఒక పని చేయండి. తెలిసిన బరువును ప్లాట్‌ఫారం నాలుగు మూలలా పెట్టి అంకెలు రాసుకోండి. తేడా వస్తే ఎవరికీ మెమో టైపు చేయకండి, ముందు వంగి కింద ఏం తగులుతోందో చూడండి. ఇక ప్రశ్నలు అడగండి.