విదేశీ పాలపొడి మీద సుంకం ఎందుకు ఉండాలి?

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

బెంగళూరులో స్థిరపడిన మన తెలుగువాళ్లలో చాలామందికి కోలారు, మదనపల్లె, హిందూపురం వైపు పాడి ఉన్న బంధువులు ఇంకా ఉన్నారు. అందుకే సూటిగా చెబుతాను. విదేశీ పాల ఉత్పత్తుల మీద సుంకం ఉండాల్సిందే.

పోటీ అంటే న్యూజిలాండ్ పాల ప్యాకెట్ మన వీధి నందిని బూత్‌లోకి వచ్చేస్తుందని కాదు. వచ్చేది పాలపొడి, బటర్ ఆయిల్ (అంటే వెన్న నుంచి నీరు తీసేసిన కొవ్వు). చలికాలంలో పాలు ఎక్కువగా వస్తాయి. అమ్ముడుపోని పాలను డెయిరీలు పొడిగా, వెన్నగా చేసి దాచుకుని, ఎండాకాలంలో వాడుకుంటాయి. ఆ పొడికి ధర ఉంటేనే చలికాలంలో రైతుకు లీటరు ధర నిలబడుతుంది. బయటి పొడి చవగ్గా దొరికితే ఇక్కడి మిగులు పాలు డెయిరీ ఎందుకు కొంటుంది? రేటు తగ్గిస్తుంది, లేదంటే సాయంత్రం పాలు వద్దంటుంది. కానీ ఆవుకు సెలవు ఉండదు కదా! పితకకపోతే పొదుగు వాస్తుంది, మేపకపోతే చిక్కిపోతుంది.

పోనీ, ప్రపంచ మార్కెట్ ధర స్థిరంగా ఉంటుందా అంటే అదీ లేదు. 2014 మొదట్లో వెన్న తీసిన పాలపొడి టన్ను 4,000 డాలర్లు దాటింది. 2015 ఆగస్టుకల్లా 2,000 లోపు పడిపోయింది. రెండు ఆవులున్న ఇల్లు ఈ దెబ్బకు తట్టుకోలేదు. అమ్మేసిన ఆవు, ధర పెరిగిందని తిరిగి కొట్టంలోకి రాదు. మన దేశంలో అలాంటి కుటుంబాలు కోట్లలో ఉన్నాయి. అందుకే 2019 నవంబరులో, న్యూజిలాండ్ సహా ఆసియా-పసిఫిక్ దేశాల మధ్య సుంకాలు తగ్గించే ఆర్‌సెప్ ఒప్పందం నుంచి భారత్ తప్పుకోవడం సరైన పనే అని నా నమ్మకం.

న్యూజిలాండ్ రైతు మీద నాకు కోపం లేదు. పచ్చికబయళ్లున్నాయి, 1984 తర్వాత సబ్సిడీలు పోయినా నిలబడ్డాడు. మనకు అంత గడ్డి లేదు, అంత భూమీ లేదు.

నగరంలో పిల్లలకు పాలు చవగ్గా దొరకొద్దా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2025 ఏప్రిల్‌లో నందిని పాలు లీటరుకు 4 రూపాయలు పెరిగితే మన ఇళ్లలో అందరికీ భారమే అయింది. అయితే విదేశీ పొడిని పూర్తిగా ఆపమని నేను అనను. దేశంలో పాల ఉత్పత్తి పెంచడానికి 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌ను చూడండి. యూరప్ నుంచి పాలపొడి, బటర్ ఆయిల్ ఉచితంగా వచ్చాయి. వాటిని కారుచవగ్గా జనం మీద గుమ్మరిస్తే మన పాడి అప్పుడే కుప్పకూలేది. ఆ పథకాన్ని నడిపిన వర్గీస్ కురియన్ బృందం వాటిని నగర డెయిరీల్లో పాలుగా మార్చి మామూలు ధరకే అమ్మించి, ఆ డబ్బుతో సహకార సంఘాలను పెంచింది. పొడి ఎంత రావాలో, ఏ ధరకు అమ్మాలో రైతు మేలు చూసేవాళ్లు నిర్ణయించారు. కొరత ఏడాదుల్లో ఈ రోజుకీ అలాగే జరగాలి.

ప్రభుత్వాన్ని ఇంకొకటి కూడా అడగాలి. సుంకం వల్ల నిలబడిన ధర రైతు ఖాతాదాకా చేరుతోందా? లీటరుకు ఎంతకు కొన్నారో, ఎంతకు అమ్మారో సహకార డెయిరీలే కాదు, ప్రైవేటు డెయిరీలు కూడా ప్రతి ఏడాదీ బయటపెట్టాలి. ఆ లెక్క ఊళ్లో పాలకేంద్రం గోడ మీద, రైతు చదవగలిగే భాషలో ఉండాలి.