ఫారం ఒక్క పేజీ ఉంటే చాలండి

అందరికీ నమస్కారమండి. నాకిచ్చింది నాలుగే నిమిషాలు, అందుకని ఉపోద్ఘాతాలు మానేసి నేరుగా ఒక ఫారం సంగతి చెప్తా.

రిటైరయ్యాక నాకు చరిత్ర చదవాలనిపించింది. డిగ్రీ కోసం కాదండోయ్, ఈ వయసులో డిగ్రీ పెట్టుకుని నేనేం చేస్తా, ఊరికే క్లాసులో కూర్చుని వినాలని. ఒక యూనివర్సిటీ వెబ్‌సైట్ తెరిచి అప్లికేషన్ మొదలుపెట్టా. పుట్టిన సంవత్సరం ఎంచుకోమంది, సరే అని ఆ లిస్టు కిందికి జరుపుతున్నా, జరుపుతున్నా, ఇంకా జరుపుతున్నా, నా సంవత్సరం రాకుండానే లిస్టు అయిపోయింది! అంటే వాళ్ళ లెక్కలో నేనింకా పుట్టనే లేదన్నమాట.

ఆ రోజు కోపంతో వెతుకుతుంటే దొరికింది తులూజ్ కథ. ఫ్రాన్సులో ఊరది. అక్కడ పియర్ వెలాస్ అని అంతర్జాతీయ న్యాయశాస్త్రం ప్రొఫెసర్ ఉండేవారు. యూనివర్సిటీలు జీవితాంతం చదువు చెప్పే బాధ్యత తీసుకోవాలని ఫ్రాన్సులో 1968లోనే చట్టం వచ్చింది, సరే, చట్టాలు వస్తుంటాయి. ఈయన మాత్రం 1973లో దాన్ని చేసి చూపించారు. రిటైర్మెంట్ వయసు దాటిన ఎవరైనా రావచ్చు. పాత మార్కులు అడగరు. పరీక్ష లేదు. చిన్న ఫారం, నామమాత్రం ఫీజు, అంతే. క్లాసులు పగటిపూట, వారానికి ఐదు రోజులు, ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు. పగటిపూట అన్నది గమనించండి, చీకటి పడ్డాక ఒంటరిగా ఇంటికెళ్ళాలంటే భయపడేవాళ్ళు ఎంతమందో. దానికి పెట్టిన పేరు మూడో వయసు యూనివర్సిటీ. చదువుకునే వయసు, ఉద్యోగం చేసే వయసు, ఆ తర్వాతది మూడోది. నాకైతే ఆ పేరు భలే నచ్చింది, ముసలి అన్న మాటే లేదు అందులో.

1981, 82 ప్రాంతంలో బ్రిటన్‌లో పీటర్ లాస్లెట్ అనే చరిత్రకారుడు, ఆయన తోటివాళ్ళు ఇదే ఆలోచన తీసుకుని కొంచెం మార్చారు, అక్కడ ప్రొఫెసర్లుండరు, సభ్యులే ఒకరికొకరు చెప్పుకుంటారు. బావుంది, కాదనను. కానీ దాన్ని చూపించి యూనివర్సిటీలు చేతులు దులిపేసుకుంటే మాత్రం ఒప్పుకోను. లైబ్రరీ వాళ్ళ దగ్గరే ఉంది, ల్యాబు వాళ్ళ దగ్గరే ఉంది, ఆ సబ్జెక్టుతోనే బతికే మనుషులూ అక్కడే ఉన్నారు.

పెద్దవాళ్ళ బుర్రకి ఎక్కుతుందా అంటారు. వేగం తగ్గుతుంది, నిజమే. మాటల మీద పట్టు, పోగైన జ్ఞానం అంత త్వరగా తగ్గవు. నన్నడిగితే బుర్ర కంటే ముందు అడ్డొచ్చేది చెవి.

ఎలాగంటే, చివరికి ఒక ప్రొఫెసర్ గారు ఫారం గీరం లేకుండా వెనక బెంచీలో కూర్చోండి అన్నారు. కూర్చున్నా. ఆయన బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు. వయసుతో చెవికి ముందు దూరమయ్యేది సన్నటి శబ్దాలండి, స, త, క లాంటివి జారిపోతాయి, ఆ, ఓ మిగుల్తాయి, అంటే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలీదు. రెండు వారాలు తలూపుతూ కూర్చున్నా. మూడో వారం సిగ్గు చంపుకుని చెప్పేశా, మాస్టారూ, ఆ టేబుల్ మీద మైకుంది కదా, కాస్త పెట్టుకోండి అని. పాపం ఆయన వెంటనే కాలర్‌కి పెట్టుకున్నారు. ఆ రోజంతా ఒక్క ముక్క పోలేదు నాకు.

క్లాసయ్యాక నా బెంచీ కుర్రాడు బ్యాగు సర్దుకుంటూ అన్నాడు, ఏంటి తాతగారూ, మీ మైకు పుణ్యమా అని మా నిద్ర పోయింది అని.