సున్నం గీతల మధ్య నడక

అందరికీ నమస్కారం. మైకు కాస్త దగ్గరగా పెట్టుకుంటాను, నాది సన్నటి గొంతు. ఈ గొంతు మీద ఒకప్పుడు చాలా మాటలు పడ్డాను, అందుకే ముందే చెప్పేస్తున్నా.

నేను ఏడో క్లాసులో ఉండగా మా డ్రిల్లు మాస్టారు గ్రౌండులో సున్నంతో రెండు గీతలు గీయించారు. ఆటల పోటీలకి కాదు, నా కోసమే. "నడుం ఊపకుండా ఈ చివర్నుంచి ఆ చివరికి నడువ్, ఇంటికి పంపిస్తా" అన్నారు. క్లాసంతా వరసగా నిలబడి చూసింది. ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. చివరికి వదిలేశారు. నా నడక మారి కాదు, ఆయనకి టీ వేళయింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే నాన్న కూడా నడిపిస్తారేమోనని భయం.

ఇప్పుడు నాకు నలభై మూడేళ్లు, నేనే కౌన్సెలర్ని. అయినా మొన్నమొన్నటిదాకా పెళ్లిలో భోజనాల బంతి పక్కనుంచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాలంటే కాళ్లు బిగుసుకుపోయేవి. అంతమంది కూర్చుని చూస్తారు కదా! ఆ టెన్షన్ నలభై మూడేళ్ల వాడిది కాదు, పన్నెండేళ్ల పిల్లాడిది. మనలో ఇంకా ఉండిపోయిన ఆ పిల్లాణ్నే "ఇన్నర్ చైల్డ్" అంటున్నారు. ఎరిక్ బెర్న్ అనే సైకియాట్రిస్టు ప్రతి మనిషిలోనూ ఒక పేరెంటు, ఒక పెద్ద, ఒక పసివాడు ఉంటారని చెప్పి అరవై ఏళ్లు దాటింది. థియరీ అంతకన్నా అక్కర్లేదు.

ఆ పిల్లాడితో మాట్లాడే పద్ధతి సంగతికొద్దాం. నా కౌన్సెలర్ నన్ను కళ్లు మూసుకుని ఆ గ్రౌండులోకి వెళ్లమన్నారు. పిల్లాడిగా కాదు, ఇప్పటి నేనుగా. జరిగింది మారదు. అక్కడ ఆ పిల్లాడు "తప్పు నాలోనే ఉంది" అనుకున్నాడే, మారాల్సింది అది. మాస్టార్ని నాలుగు దులిపేద్దామనే ఆవేశంతో వెళ్లాను. పిల్లాడు నా వంక చూడనే లేదు. "నీకేం కావాల్రా నాన్నా?" అని అడిగాను. చాలాసేపటికి "చెప్పులు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. అవును, చెప్పులు విప్పించారు. మార్చి ఎండ, అరికాళ్లు కాలిపోతున్నాయి. ముప్ఫై ఏళ్లుగా ఆ అవమానం గుర్తుంది గానీ కాళ్లు కాలిన సంగతే మర్చిపోయాను. నేను న్యాయం చేద్దామని వెళ్తే వాడు చెప్పులడిగాడు. తొడిగాను. ఆ రోజుకి అంతే.

నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో కొందరు మెల్లగా అడుగుతారు: "మావాడికి చిన్నప్పుడేదో జరిగే ఇలా అయ్యాడేమో, ఆ గాయం మాన్పితే మామూలైపోతాడా అండీ?" వాళ్లమీద నాకు కోపం లేదు. కానీ జవాబు మాత్రం ఒకటే: కాడు. గాయం ఆ నడక కాదండీ, ఆ గీతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక కొత్తది 2022 జనవరిలో అమల్లోకొచ్చింది. అందులో ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక రుగ్మతల కింద లేదు. అదే ఏడాది మన దేశంలో డాక్టర్ల వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్, "మార్చేస్తాం" అంటూ చేసే చికిత్స వృత్తిపరమైన తప్పిదమని తేల్చింది. ఇన్నర్ చైల్డ్ పేరు చెప్పి ఎవరైనా మీ పిల్లల్ని సరిచేస్తామంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

మనకి ఆ నడక కొత్తేమీ కాదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా నడిచొస్తే జనం మైమరచిపోయేవారు. మా తాతయ్య ఆయన్ని చూశానని పదిమందికీ గొప్పగా చెప్పుకునేవాడు. అదే తాతయ్య, నేను అక్క ఓణీ చుట్టుకుని పెరట్లో తిరుగుతుంటే బెత్తం తీశాడు. స్టేజి మీద కళ, పెరట్లో నేరం! ఇక్కడ హైదరాబాదులో ఒకప్పుడు అది నిజంగానే నేరం. ఆడవేషంలో వీధిలో కనబడిన హిజ్రాలను వారంటు లేకుండా పట్టుకెళ్లే 1919 నాటి నిజాం చట్టం ఒకటుండేది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జులైలో గానీ కొట్టెయ్యలేదు.

"మగరాయుడు" అనిపించుకున్న ఆడపిల్లల కథ ఇంకోలా ఉంటుంది. ఒకావిడకి యాభై దాటాయి. పెద్దమనిషి అయిన వారానికే ఇంట్లో సైకిలు అమ్మేశారట. ఆవిడ లోపలి పిల్ల అడిగింది సైకిలు కాదు. "అమ్మే ముందు నన్నొక మాట అడగాల్సింది" అంది, అంతే.

మీరు మొదలుపెట్టాలనుకుంటే ఆ వయసు ఫొటో ఒకటి వెతకండి. రోజూ ఐదు నిమిషాలు చాలు. ముందే ఓదార్చకండి, అడగండి. ఏడుపొస్తే రానివ్వండి. కానీ ఊపిరాడనట్టు, అదంతా ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపేయండి. అలాంటిది ఒంటరిగా చేసే పని కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి, 14416 నంబరుకి, ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. రెండ్రోజుల వర్క్‌షాపులో అంతా కడిగేస్తామనేవాళ్లని నేను నమ్మను. నాకు ఆ పిల్లాడు తలెత్తి చూడ్డానికే ఐదు నెలలు పట్టింది.

ప్రశ్నలుంటే కింద కూర్చుని మాట్లాడుకుందాం. ఈ మైకు దగ్గర్నుంచి ఆ చివరి కుర్చీ దాకా నడవాలి. మీరంతా చూస్తూనే ఉంటారు. చూడండి, ఇవాళ మంచి చెప్పులే వేసుకొచ్చాను.