హైదరాబాదు తొలి మేయరు మాడపాటి

సభకు నమస్కారం.

మాడపాటి హనుమంతరావు గారు 1951లో హైదరాబాదు తొలి మేయరుగా బాధ్యతలు చేపట్టేనాటికి ఆయనకు 66 ఏళ్లు. ఆ పీఠం మీద ఆయన ఉన్నది 1954 వరకే. అంతకుముందు ముప్పై ఏళ్లపాటు, ప్రజాప్రభుత్వమన్నది లేని నిజాం సంస్థానంలో ఆయన సాగించిన పౌరసేవ గురించే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నాను.

ఆయన 1885 జనవరి 22న ఎర్రుపాలెంలో జన్మించారు. హనుమకొండలో చదువుకుని, కొంతకాలం సర్కారు ఉద్యోగం చేసి, ఆ తర్వాత వకీలు అయ్యారు. ఉర్దూలో పత్రికలకు వ్యాసాలు రాయగలిగినంత పట్టు ఉన్న మనిషి తెలుగు కోసం నిలబడ్డారన్నది గమనించవలసిన విషయం. ఆయనకు ఏ భాష మీదా ద్వేషం లేదు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ఆవరణలో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షులు స్త్రీవిద్య కోసం పాటుపడిన ధోండో కేశవ కార్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ప్రసంగాలను సావధానంగా విన్న ఆ సభ, ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోయేసరికి కేకలతో, ఈలలతో గోల చేసి ఆయనను సాగనివ్వలేదు. ఆ అవమానం నుంచే సంస్థానంలోని తెలుగువారి సంస్థగా ఆంధ్ర జనసంఘం పుట్టింది. దానిని ఊరూరికీ తీసుకువెళ్లినవారిలో మాడపాటి వారు ముఖ్యులు.

ఆయన పని పద్ధతి చూడండి. వెట్టిచాకిరిని అదుపు చేసే ఉత్తర్వులు సర్కారు దగ్గర ఉన్నా, వెట్టి చేసే మనిషికి వాటి ఊసే తెలియదు. ఆ ఉత్తర్వులలోని సంగతులను తేటతెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేయించి గ్రామాలకు పంపారు. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవలసిన ఆ రోజుల్లో, అర్జీ వెంట అర్జీ పెడుతూ సభలు జరిపించారు. ఆ జనసంఘం నుంచే ఎదిగిన ఆంధ్ర మహాసభకు 1935లో సిరిసిల్లలో అధ్యక్షత వహించారు. ఆయన మితవాదం తర్వాతి తరం యువకులకు రుచించలేదు. వారి తొందరకూ కారణం ఉంది. అయినా, ఆ మితవాదమే లేకపోతే వారు నిలబడి మాట్లాడేందుకు వేదిక ఉండేది కాదని నా నమ్మకం.

1928లో నారాయణగూడలో ఆయన ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో పాఠశాల నెలకొల్పారు. ఆ రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనాభాష ఉర్దూ. తెలుగులో చదివిన ఆ బాలికలకు ఉన్నత పరీక్ష రాసే దారి ఇక్కడ లేకపోయింది. కార్వే స్థాపించిన మహిళా విద్యాపీఠం పరీక్షలకు వారిని కూర్చోబెట్టారు. తెలుగు మాటను సాగనివ్వని సభకు ఆనాడు అధ్యక్షుడిగా ఉన్న ఆ కార్వే గారి విద్యాపీఠమే తెలుగు బాలికలకు పట్టా ఇచ్చింది! ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

1955లో పద్మభూషణ్, 1958 నుంచి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్ష పదవి ఆయనను వరించాయి. 1970 నవంబరు 11న కన్నుమూశారు. నారాయణగూడలో ఆ బాలికల పాఠశాల ఆయన పేరుతోనే ఉంది.